రంగంలో పైడమ్మ

అత్తవారి వంశంలో వసుంధరకి నచ్చిన మనిషి ఒక్కతే. ఆ ఒక్క మనిషీ వసుంధర కాపురానికి వెళ్ళేసరికే ఫొటో అయిపోయింది. పేరు పైడమ్మ, ఉపేంద్రకి నాయనమ్మ. మిగతావాళ్ళంతా మంచివాళ్ళే. అంటే, వాళ్ళ గురించి పక్కింట్లో చెప్పుకోవడానికి ఏమీ దొరకని వాళ్ళు.

బెజవాడ పిల్ల వసుంధర. పెళ్ళయి శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న అత్తవారింట్లో అడుగుపెట్టిన కొత్తలో, నడవ గోడ మీద ఆ ఫొటో చూసింది. నెత్తి మీద కొప్పు, కొప్పు చుట్టూ పూలు. పొట్టిగా, బిగుతుగా, పొడుగు చేతుల రవిక. నడుము నుంచి పాదాల దాకా కుచ్చిళ్ళు లేకుండా గొట్టంలా చుట్టిన పూల బట్ట. అన్నిటికన్నా వింత, రెండు బుగ్గల మీదా గుండ్రంగా వేసిన తెల్లటి పూత. పౌడరు ఎక్కువై అంటుకున్నట్టు కాదు. పనిగట్టుకుని, సరిచూసుకుని పూసినట్టు.

"ఎవరత్తయ్యా ఈవిడ?"

అత్తగారు పెసలు ఏరుతూ తలెత్తకుండానే చెప్పింది. "మా అత్త. రంగంల ఉన్నపుడు తీసిన పొటో."

ఇంకేం కావాలి? వేషం ఉంది. మొహానికి రంగు ఉంది. రంగం అనే మాట కూడా ఉంది. ఆ కాలంలో ఒక ఆడమనిషి నాటకాలు వేసిందన్నమాట! వసుంధర ఇంకేదో అడగబోయి ఆగిపోయింది. నాటకాల మనిషి అంటే జనం ఏమనేవాళ్ళో ఆమెకి తెలుసు. బెజవాడలో వాళ్ళ వీధిలోనే అలాంటి ఒకావిడ ఉండేది. ఆవిడ పేరెత్తినప్పుడల్లా వసుంధర తల్లి గొంతు తగ్గించేది. కొత్త కోడలు వెళ్ళి అత్తగారి అత్త గురించి అలాంటి ప్రశ్న వెయ్యడం మర్యాద కాదు. మర్యాదని మనవాళ్ళు తెగ పొగుడుతారు గానీ, ఈ కథలో జరిగిన గందరగోళమంతా దాని పుణ్యమే.

తర్వాత ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా వచ్చారు. ఉపేంద్ర రోడ్ల ఇంజనీరు. వసుంధర ఒక ప్రభుత్వ శాఖలో ఆడిటర్‌గా చేరి, ఊరి చివర హారిసన్‌లో ఇల్లు కట్టుకుని, ఆ శాఖ నుంచే రిటైరైంది. ఎవరేం చెప్పినా "ఆధారం ఏది?" అని అడగడం ఆమె ఉద్యోగం. ఆ ప్రశ్న ఆఫీసు గుమ్మం దాటి ఏనాడూ ఇంటికి రాలేదు.

కూతురు అపూర్వకి అన్నం తినిపించడానికి ఏదో ఒక కథ కావాలి కదా. మొదట్లో "మీ తాతమ్మ నాటకాలు వేసేదే" అన్న ఒక్క ముక్కే ఉండేది. అపూర్వ నోరు తెరవకపోతే పైడమ్మ రాణి వేషం కట్టేది. అప్పటికీ తెరవకపోతే పద్యం ఎత్తుకునేది. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి జనం ఈలలు వేసి, మళ్ళీ పాడమని గోల చేసేవాళ్ళు. ఉపేంద్ర ఆఫీసు నుంచి వచ్చేసరికి కథా అయిపోయేది, అపూర్వ నిద్రా పోయేది. ఇవన్నీ ఎవరు చెప్పారని? ఎవరూ చెప్పలేదు. అబద్ధం ఆడుతున్నానని మాత్రం వసుంధరకి ఎప్పుడూ అనిపించలేదు. ఫొటో చూస్తే తెలియట్లేదూ!

అపూర్వ యూనివర్సిటీలో లా చదువుతూ చదువుతూ, అందులో సగం దాటాక, మానేసి నాటకాల్లోకి వెళ్తానంది. ఇంట్లో అగ్గి పుట్టింది.

"లాయరు సదువు ఒగ్గీసి ఏషాలేస్తాదా? ఏటిది వసుంధరా, నువ్వైనా సెప్పవా దానికి?" కోపం వస్తే ఉపేంద్ర ఇంజనీరింగూ ఆస్ట్రేలియా రెండూ మరిచిపోయి ఊరి మాటలోకి దిగిపోతాడు.

వసుంధర చివరి అస్త్రం తీసింది. "మీ నాయనమ్మ ఆ రోజుల్లోనే రంగంలో ఉన్నారు కదండీ! ఆవిణ్ణి ఎవరైనా ఆపగలిగారా? ఇది ఆవిడ మునిమనవరాలు. దీన్ని మీరు ఆపుతారా?"

 ఉపేంద్ర కిటికీలోంచి వీధిలోకి చూశాడు. "అవును," అన్నాడు చివరికి, గొంతు మెత్తబడి. "ఒక్కర్తీ ఎళ్ళింది ఆవిడ. సరే, ఎళ్ళమను దాన్ని."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని వసుంధర అనుకోలేదు. 'ఒక్కర్తీ ఎళ్ళింది' అన్న మాట కొంచెం వింతగా తోచింది. అయినా గెలిచిన వాదాన్ని తిరగేసి చూసుకునేవాళ్ళు ఎవరుంటారు?

రిటైరయ్యాక ఉపేంద్ర స్టాంపుల్లో పడ్డాడు. దగ్గర్లోనే ఉన్న గంగాలిన్‌లో ఒక హాల్లో స్టాంపులవాళ్ళు నెల నెలా కలుస్తారు. ఒకాయనది రైళ్ళు, ఒకావిడది పక్షులు. ఉపేంద్ర బట్టలు ఎంచుకున్నాడు. అదీ ఆగ్నేయాసియా దేశాల సంప్రదాయ దుస్తుల మీద ఏదో ఒక సందర్భానికి గుర్తుగా వేసిన స్టాంపులే. ఎందుకని వసుంధర అడిగితే "మావాళ్ళకి అలవాటున్న బట్టలు కదా" అన్నాడు. లుంగీ సంగతి చెబుతున్నాడనుకుంది.

ఆ స్టాంపులు చూస్తే ఆమెకి నవ్వొచ్చేది. దేశానికి ఒక జంట. ఆ జంటకి చెమట పట్టదు, బట్ట నలగదు. మొగుడూ పెళ్ళాం పక్కపక్కన నిలబడి, అప్పుడే ఇస్త్రీ అయిన నవ్వుతో ఎదటివాణ్ణి చూస్తుంటారు. వియత్నాం ఆవిడ పొడుగు చొక్కా, ఫిలిప్పీన్స్ ఆయన అంచుల చొక్కా, ఇండోనేషియా ఆవిడ పూల రవిక. ఒక దేశం మొత్తానికీ ఒకే జత బట్టలు సరిపెట్టడం ప్రభుత్వాలకే చెల్లింది. మలేషియావాళ్ళవి కొన్నిటి మీద చీరె కూడా ఉంటుంది. "ఇది మనది కదండీ, వాళ్ళదెలా అయింది?" అంటే ఉపేంద్ర, "కట్టుకున్నవాళ్ళది" అని భూతద్దంలోకి దూరిపోయేవాడు.

ఇలా ఉండగా అపూర్వ సొంతంగా ఒక నాటకం తయారు చేసింది. ఊళ్ళో చిన్న థియేటర్లో, ఒక్కతే నటించే నాటకం. పేరు 'రంగం'. పోస్టరు మీద పైడమ్మ ఫొటో. ఫొటో పక్కన పేరూ తేదీ తప్ప ఇంకేమీ లేవు. పోస్టరులో మాటలు ఎక్కువైతే అపూర్వకి చిరాకు.

ఆ పోస్టరు ఫోన్లో చూసి ఉపేంద్ర కూర్చున్నచోటే ఉండిపోయాడు. "మా నాయనమ్మ మీద, రంగం మీద, నా కూతురు నాటకం ఏస్తందా?" అన్నాడు. ఆ రోజు నుంచి మనిషి మారిపోయాడు. స్టాంపులన్నీ తీసి పేజీలకి అమర్చి, ఫ్రేము కట్టించి, థియేటర్ వరండాలో పెడతానన్నాడు.

అపూర్వ ఫోన్ చేసింది. "అమ్మా, నాన్న స్టాంప్స్ పెడతారంట. వై స్టాంప్స్?"

"నాకేం తెలుసే. నీ మీద ప్రేమ ఆయనకి అలా తన్నుకొచ్చింది."

"ఓకే. అది కొంచెం స్వీట్. కొంచెం వియర్డ్ కూడా."

"మీ నాన్న ఎప్పుడూ అంతే కదా."

నాటకానికి ముందు వారం, ఉపేంద్ర పేజీలన్నీ డైనింగ్ టేబుల్ మీద పరిచి, "ఇంగ్లీషు తప్పులుంటే దిద్దు" అని వసుంధరని కూర్చోబెట్టి, తను గడ్డి కొయ్యడానికి పెరట్లోకి వెళ్ళాడు. వసుంధర వియత్నాం దాటింది, థాయ్‌లాండ్ దాటింది, బర్మా దగ్గర ఆగింది.

స్టాంపు విడుదలైన రోజు వేసిన ప్రత్యేక కవరు అది. ఎడమ పక్క పెద్ద బొమ్మ. నెత్తి మీద కొప్పు, కొప్పు చుట్టూ పూలు. పొట్టి రవిక, పొడుగు చేతులు. గొట్టంలా చుట్టిన పూల బట్ట. వసుంధర భూతద్దం అందుకుంది. రెండు బుగ్గల మీదా గుండ్రటి పూత.

మొదట ఆమెకి పైడమ్మ మీద గౌరవం ఇంకా పెరిగింది. ఎంత పేరున్న నటి కాకపోతే ఆమె వేషాన్ని బర్మావాళ్ళు కాపీ కొడతారు! వెంటనే ఆ ఆలోచన ఎంత తెలివితక్కువగా ఉందో తెలిసి సిగ్గేసింది. పోనీ, పైడమ్మ కట్టింది బర్మా రాణి వేషమా? బర్మా రాణి పద్యాలెందుకు పాడుతుంది? పద్యాలు పాడిందని ఎవరన్నారు?  పద్యాలు పాడిందని అన్నది తనే.

వీధి చివర ఉండే తాహెరాకి ఫోన్ చేసింది. తాహెరా హైదరాబాదు మనిషి, డాక్టరు. బర్మావాళ్ళు ఆమె క్లినిక్‌కి వస్తుంటారని వసుంధరకి తెలుసు.

"తాహెరా, బర్మా ఆడవాళ్ళు బుగ్గలకి తెల్లగా ఏదో పూసుకుంటారా?"

"పూసుకుంటరు కదా. ఏదో చెట్టు బెరడు అరగదీసి. ఎండకి చల్లగ ఉంటదంట."

"నాటకాల్లోనా?"

"ఏం నాటకం? మా దగ్గర బర్మా నర్సు అది పూసుకొనే ట్రామ్‌ల వస్తది. ఎందుకు అడుగుతున్నవ్?"

"మావారి నాయనమ్మ ఫొటోలో కూడా అలాగే ఉంది. ఆవిడ రంగంలో ఉండేవారట."

"రంగం అంటే?"

వసుంధర భూతద్దం మళ్ళీ కవరు మీదికి జరిపింది. 

"అరే, మీ ఆయన ఇంట్లనే ఉన్నడు కదా!" అంది తాహెరా. "ఆయన నాయనమ్మ సంగతి నన్నడుగుతావేంది? చక్కగ పోయి అడుగు."

అన్నేళ్ళ కాపురంలో అంత తేలికైన దారి ఆమెకి తట్టలేదు. పెరట్లోకి వెళ్ళి, మిషన్ ఆపమని చెయ్యి ఊపింది.

"ఏవండీ, రంగం అంటే ఏమిటి?"

"రంగం అంటే రంగమే."

"అదే, ఏమిటది?"

"రంగూన్. మా వైపు అందరూ రంగమే అంటారు. ఓడలెక్కి పనులకి ఎళ్ళేవారు కదా." ఉపేంద్ర చెమట తుడుచుకుని ఆమె మొహంలోకి చూశాడు. "నీకు తెలీదా ఏటి?"

"మరి మీ నాయనమ్మ అక్కడ ఏం చేసేవారు?"

"బియ్యం మిల్లులో తవుడు చెరిగేది. మా తాత ముందెళ్ళి కబురు లేకుండా పోతే, ఎతుక్కుంటా ఒక్కర్తీ ఓడెక్కీసింది."

"నాటకాలు?"

"నాటకాలేటి? పాట ఇనిపిస్తే సిరాకుపడి లేచెళ్ళిపోయే మనిషి ఆవిడ!"

వసుంధర కోసిన గడ్డి మీద అలాగే కూర్చుండిపోయింది. ఉపేంద్ర కంగారుగా నీళ్ళు తెచ్చాడు. ఆమె చెప్పుకొస్తుంటే అతని మొహం మొదట ఏమీ అర్థం కానట్టూ, తర్వాత అంతా అర్థమై మళ్ళీ అయోమయంలో పడ్డట్టూ మారింది.

"మరి పిల్ల లా మానేస్తానన్న రోజు నువ్వు 'రంగంలో ఉన్నారు కదా' అన్నది..."

"నాటకాల రంగం."

"ఆవిడ సముద్రం దాటింది కదా అని నేను ఒప్పుకున్నాను."

 ఒకే మాట మీద ఇంతకాలం ఇద్దరూ ఏకీభవిస్తూ వచ్చారు. ఆ మాటలో ఒకరికి ఓడ కనిపించింది, ఒకరికి తెర కనిపించింది. ఆ మాట పట్టుకుని ఒక పిల్ల జీవితాన్ని ఇటు నుంచి అటు తిప్పేశారు.

"అయితే దాని నాటకం రంగూన్ గురించి కాదా?" అన్నాడు ఉపేంద్ర.

"కాదండీ. నేను చెప్పిన రంగం గురించే. రాణి వేషం, పద్యాలు, చప్పట్లు, అన్నీ నావే. బుగ్గలకి తెల్లరంగు వేసుకుని, అదే తాతమ్మ వేసుకున్న మేకప్పని చెబుతూ మొదలుపెడుతుంది."

ఉపేంద్ర చిన్నగా అన్నాడు. "పోనీ, నా స్టాంపులు పెట్టను. బర్మా కవరు ఎవరికీ కనబడదు. ఎవరికి తెలుస్తాది?"

వసుంధరకి ఆ మాట అమృతంలా తోచింది. వెంటనే తాహెరా చెప్పిన బర్మా నర్సు గుర్తొచ్చింది. అలాంటివాళ్ళు ఒక్కరు వచ్చి ముందు వరసలో కూర్చుంటే చాలు. అపూర్వ మొదటి మాటకే వాళ్ళ మొహంలో నవ్వు మొదలవుతుంది. ఆ నవ్వు ఎందుకో తెలియకుండా పిల్ల నాటకమంతా ఆడుతుంది. పైగా స్టాంపులు ఎందుకు తీసేశారంటే ఆయన ఏం చెబుతాడు? ఇన్నాళ్ళూ ఆయన తన మాట అర్థం కాకుండానే ఒప్పుకున్నాడు. ఇప్పుడు అర్థమయ్యాక కూడా ఒప్పుకుంటానంటే ఆమెకే బాగోలేదు.

మర్నాడు ట్రామ్ ఎక్కి సిటీకి వెళ్ళింది. థియేటర్ వెనక గదిలో అపూర్వ అద్దం ముందు కూర్చుని బుగ్గల మీద తెల్లరంగు సరిచేసుకుంటోంది.

"అపూ, తాతమ్మ యాక్ట్రెస్ కాదే."

"వాట్ డు యూ మీన్ కాదు?"

చెప్పింది. అపూర్వ మొదట పగలబడి నవ్వింది. రంగం అంటే రంగూన్! బ్రష్ కింద పడేసి మరీ నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"సో ఆ పద్యం? నువ్వు నేర్పావే, తాతమ్మ పాడేదని?"

"అది మా బళ్ళో నేర్పారు."

"క్రౌడ్ విజిల్స్ వేసేవాళ్ళు అన్నావ్."

"నువ్వు పెరుగన్నం తినేదానివి కాదు."

"అమ్మా!" అపూర్వ లేచి నిలబడింది. "నేను లా మానేసింది ఈ మనిషి కోసం. ఇంటర్వ్యూల్లో ఈవిడ గురించే చెబుతాను. దిస్ ఈజ్ మై ఫ్యామిలీ, ఇది నాకు రక్తంలో ఉంది అని. అండ్ షీ వాజ్, ఏంటి, రైస్ మిల్ వర్కర్?"

ఇలాంటప్పుడు తల్లులు అనాల్సిన మాటలు కొన్ని ఉంటాయి: నటన నీది, ఎవరి నుంచీ రాలేదు, నువ్వు నీకోసమే వెళ్ళావు, ఇలాంటివి. వసుంధరకి అలాంటివి నోరు తిరగవు. నిజమో కాదో కూడా తెలియదు. పైడమ్మ నటి అని చెప్పకపోయుంటే ఈ పిల్ల ఈ పాటికి ఎక్కడో లాయరై ఉండేదేమో.

"మీ నాన్న ఒప్పుకున్నది కూడా ఆవిడ కోసమే," అంది. "కాకపోతే ఆయనకి తెలిసిన ఆవిడ వేరు, నీకు తెలిసిన ఆవిడ వేరు."

"గో హోమ్, అమ్మా. ప్లీజ్."

ఆ తర్వాత అపూర్వ తల్లి ఫోన్ ఎత్తలేదు. తండ్రికి మాత్రం ఒకసారి చేసింది. "ఏమడిగింది?" అంటే ఉపేంద్ర బుర్ర గోక్కున్నాడు. "తవుడు దేంతో చెరిగేవారు అంది. చేటతో అన్నాను. ఫోన్ పెట్టీసింది." నాటకం ఉంటుందో ఉండదో ఇద్దరికీ తెలియదు. స్టాంపుల ఫ్రేము పెట్టాలో వద్దో కూడా తెలియదు. ఎవరూ వద్దనలేదు కదా అని చివరికి ఉపేంద్ర తీసుకెళ్ళి పెట్టేశాడు.

నాటకం రోజున వరండాలో జనం ఆ ఫ్రేము ముందే మూగారు. ఒక పెద్దాయన ఫిలిప్పీన్స్ చొక్కా ఎక్కడ దొరుకుతుందని ఉపేంద్రని అడుగుతున్నాడు. వసుంధర బర్మా పేజీకి అడ్డంగా నిలబడింది. తర్వాత, అడ్డం నిలబడి మాత్రం ఏం చేస్తానని పక్కకి తప్పుకుంది.

దీపాలు ఆరాయి. అపూర్వ వచ్చింది. బుగ్గలకి రంగు లేదు.  అపూర్వ ఏమీ జరగనట్టే రాణి వేషం మొదలుపెట్టింది. పద్యం ఎత్తుకుంది. ఎత్తుకుందంటే, ఏమెత్తుకుంది! బెజవాడ బళ్ళో నేర్చుకున్న పద్యం ఆ గొంతులో ఏదో వంశపు ఆస్తిలా మోగింది. అయితే ఏమీ మార్చలేదా? తను చెప్పింది పట్టించుకోలేదా? సంతోషించాలో భయపడాలో వసుంధరకి తోచలేదు.

సగం పద్యంలో అపూర్వ టక్కున ఆగింది. జనం వైపు తిరిగి, చాలా మామూలుగా, ఇంగ్లీషులో చెప్పింది: ఇది మా అమ్మ చెప్పిన తాతమ్మ. మా నాన్న చెప్పిన తాతమ్మకి పాటంటే పడదు. ఆవిడ రంగూన్‌లో ఒక మిల్లులో పనిచేసేది.

కిరీటం తీసి కింద పెట్టింది. ఇండియన్ షాపులో కొన్న చేట అందుకుంది. ధర చీటీ ఇంకా ఊడలేదు. నేల మీద కూర్చుని చెరగడం మొదలుపెట్టింది. సూపు కలిపినట్టు గుండ్రంగా తిప్పుతోంది. తవుడంతా ఒళ్ళో పడుతోంది. ఎవరూ నవ్వలేదు. అంతా చాలా గంభీరమైన విషయమనుకుని చూస్తున్నారు.

"అలా కాదే," అన్నాడు ఉపేంద్ర.

గొణిగాననుకున్నాడు గానీ హాలంతా వినిపించింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి.

అపూర్వ చేట ఆపి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టి చీకట్లోకి చూసింది. "మరెలా, నాన్నా?"

"ఇలా ఎగరెయ్యాల. ముందుకి."

"నాకు కనిపించట్లేదు. వచ్చి చూపించండి."

"వద్దండీ," అంది వసుంధర, అతని చొక్కా పట్టుకుని. ఉపేంద్ర అప్పటికే లేచాడు. మెట్లెక్కి, కూతురి పక్కన మోకాళ్ళు పట్టేసినట్టు కష్టంగా కూర్చుని, చేట తీసుకున్నాడు. ఎగరేశాడు. తవుడంతా కళ్ళజోడు మీద పడింది. మళ్ళీ ఎగరేశాడు. ఈసారి అపూర్వ జుట్టు నిండా పడింది.

"నాన్నా, మీకూ రాదు!"

"మా అమ్మ చేసేటప్పుడు చూశాను. నాకెక్కడొస్తాది!"

"ఆవిడ కూడా ఇలాగే ఉండేదా?"

"ఎవరు? మా నాయనమ్మా?" తవుడు పట్టిన మొహంతో ఉపేంద్ర ఆలోచించాడు. అంతమంది ముందు, దీపాల వెలుగులో, ఎంతసేపు ఆలోచించాడో! "నేను పుట్టేసరికే ముసిలిదైపోయింది. ఏమీ సెప్పేది కాదు. మేము అడగలేదు కూడా."

అపూర్వ నవ్వుతోందో ఏడుస్తోందో ఇంత దూరం నుంచి తెలియడం లేదు. తండ్రి చేతిలో చేట తీసుకుంది. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టారు. జనం చప్పట్లు కొట్టారు. ఇది ముందే అనుకుని చేసిన ఏర్పాటని వాళ్ళ నమ్మకం. వసుంధర చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. తన కథ పోయిందా, నిలబడిందా? ఆ చప్పట్లు పద్యానికా, తవుడుకా?

పక్క సీట్లో కూర్చున్న తెల్లజుట్టు ఆవిడ ఆమె వైపు వంగింది.

"మీవారు చాలా సహజంగా చేస్తున్నారు," అంది మెచ్చుకోలుగా. "ఎన్నాళ్ళుగా నటిస్తున్నారు?"

"ఆయన నటుడు కాదండీ," అంది వసుంధర. "రోడ్ల ఇంజనీరు."

ఆవిడ తెలిసిందన్నట్టు నవ్వి తలూపింది. నమ్మినట్టు లేదు.